బయాప్సీ రిపోర్టుకు సెకండ్ ఒపీనియన్: తిరుపతిలోనా, రాయవేలూరా, మద్రాసా?

మా చిన్నాయన బయాప్సీ రిపోర్టును తమ్ముడు లామినేషన్ చేయించాడు, చిత్తూరు బస్టాండు పక్క జిరాక్స్ షాపులో. వానాకాలం, నాలుగు ఊళ్ళు తిరగాల్సిన కాగితం, తడిసిపోతే ఎట్లా అని వాడి బాధ. దాన్ని పట్టుకుని మూడు వారాల్లో ముగ్గురు డాక్టర్లను కలిశాం. మూడో ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, "లామినేషన్ బాగా చేయించారు. బ్లాక్ ఏదీ?" అన్నాడు.

బ్లాక్ అనేదొకటి ఉంటుందని మాకు ఆ పూటే తెలిసింది. మీకైనా ఆ మూడు వారాలు మిగలాలని ఇది రాస్తున్నాను. నేను డాక్టరును కాదు, ఇంట్లోవాళ్ళ ఫైళ్ళు మోసుకుని ఆస్పత్రులు తిరిగినవాణ్ణి. ఏ ఊరికి పోవాలనేది రెండో ప్రశ్న. ఏం పట్టుకుపోవాలి, అక్కడ ఏం చేయమని అడగాలి అనేది మొదటిది.

రెండో అభిప్రాయం దేని మీద?

మన దగ్గర సెకండ్ ఒపీనియన్ అంటే ఫైలు తీసుకుని ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పోవడమే. ఆయన రిపోర్టు చదివి, స్కాన్ చూసి, ఆపరేషనా కీమోనా చెప్తాడు. అది చికిత్స మీద రెండో అభిప్రాయం. జబ్బు పేరు మీద రెండో అభిప్రాయం వేరే పని. అది చెప్పాల్సింది పాథాలజిస్టు, అంటే ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చునే డాక్టరు. రిపోర్టు కింద సంతకం ఆయనదే అయినా ఆయన్ను మనం చూసి ఉండం. కొలతలు తప్పు రాసుకున్నాక ఏ టైలరు కుట్టినా చొక్కా ఇరుకే అవుతుంది. జబ్బు పేరు తప్పయితే, ఆ కాగితం చదివిన అయిదుగురు డాక్టర్లూ ఒకే తప్పు దారిలో నడుస్తారు.

శరీరం నుంచి తీసిన ముక్క ఏమవుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ముక్కను ఫార్మలిన్‌లో వేస్తారు. తర్వాత అందులోని నీరు తీసేసి మైనం ఎక్కిస్తారు. చివరికి అది తెల్లటి మైనపు బిళ్ళలో కూరుకుపోయి ఉంటుంది. దాని వెనక చిన్న జల్లెడ లాంటి ప్లాస్టిక్ చట్రం, చట్రం అంచున పెన్సిల్‌తో రాసిన నంబరు. చూస్తే పెద్ద కర్పూరం బిళ్ళ అనుకుంటారు. అదే బ్లాక్. దాన్నుంచి మూడు నుంచి అయిదు మైక్రాన్ల మందంలో పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు వేస్తే స్లైడ్ అవుతుంది. స్లైడ్ పగిలితే బ్లాక్ నుంచి ఇంకోటి కోసుకోవచ్చు. బ్లాక్ పోతే మళ్ళీ మనిషినే కోయాలి.

రీడింగా, ఐ.హెచ్.సి.నా, మళ్ళీ బయాప్సీనా?

స్లైడ్ రివ్యూ అంటే ఉన్న స్లైడ్లను ఇంకో పాథాలజిస్టు చూసి తన మాట రాసివ్వడం. ఖర్చు తక్కువ, మామూలుగా కొద్ది రోజుల్లో తేలిపోతుంది. గ్రేడు (కణాలు ఎంత చెడ్డగా మారాయనే లెక్క) ఎంత, అంచుల దాకా జబ్బు ఉందా, ప్రోస్టేట్‌లో ఆ గ్రేడు చెప్పే గ్లీసన్ స్కోరు సరిగ్గా వేశారా, రొమ్ములో పక్కకు పాకిందా లేక పాల నాళాల లోపలే ఉందా లాంటి ప్రశ్నలకు చాలాసార్లు ఇదే సరిపోతుంది.

రెండోది బ్లాక్ నుంచి కొత్త పొరలు కోసి ఐ.హెచ్.సి. చేయడం. కణాల మీద ఫలానా ప్రోటీన్ ఉందా లేదా అని రంగు తేల్చి చూపే పరీక్ష ఇది. రొమ్ము క్యాన్సర్‌లో ఇ.ఆర్., పి.ఆర్., హర్‌2 అని రాసేది దీనితోనే. ఒక్కో మార్కర్‌కు, అంటే వెతికే ఒక్కో ప్రోటీన్‌కు, ఒక్కో రేటు కాబట్టి పది మార్కర్లు పెడితే బిల్లు బాగానే అవుతుంది. అయినా నా లెక్కలో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. హర్‌2 దగ్గర "2+" అని ఉంటే అది అవునూ కాదు, కాదూ కాదు. ఫిష్ అనే ఇంకో పరీక్ష చేసి తేల్చాలి. "2+" చూసి పాజిటివ్ అని ఏడ్చినవాళ్ళనూ చూశాను, నెగటివ్ అని ఊరుకున్నవాళ్ళనూ చూశాను.

మూడోది మళ్ళీ బయాప్సీ. ఎవరికీ ఇష్టం ఉండదు, ఇంట్లో పెద్దవాళ్ళకైతే అసలు ఉండదు. "గడ్డ మీద కత్తి పెడితే పాకుతుంది" అని మా జేజి ఆఖరి దాకా అంటూనే ఉండేది. పరీక్ష కోసం సూది గుచ్చినందుకే జబ్బు పాకడం చాలా అరుదు. వృషణంలో గడ్డ లాంటి కొన్ని చోట్ల మాత్రం సూది పెట్టరు, అది డాక్టర్లకు తెలిసిన సంగతే. ఉన్న ముక్క పనికిరానప్పుడు మళ్ళీ తీయడం తప్ప దారి లేదు. ముక్క ఎట్లా పాడవుతుందంటే, చిన్న క్లినిక్‌లో ఫార్మలిన్ అయిపోయిందని సెలైన్‌లో వేసి పంపుతారు. రెండు రోజులు అట్లే ఉంటే కణాలు కుళ్ళిపోతాయి. తర్వాత దాన్ని ప్రపంచంలో ఎవరు చూసినా ఏమీ చెప్పలేరు. ఎముక ముక్కను మెత్తబరచడానికి యాసిడ్‌లో నానబెడితే కొన్ని ఐ.హెచ్.సి., జీన్ పరీక్షలు పలకవు. అందుకే ముక్క తీసేటప్పుడే "సార్, ఫార్మలిన్‌లోనే వేస్తున్నారు కదా" అని ఒక మాట అడగండి. తప్పేం లేదు.

గడ్డలో సన్న సూది పెట్టి కణాలు లాగే ఎఫ్.ఎన్.ఏ.సి. ఒక్కటే చేసి ఉంటే, దాని మీద సెకండ్ ఒపీనియన్‌కు తిరగకుండా నేరుగా బయాప్సీకి పోవడం నయం. విడి కణాలు చూసి అనుమానపడొచ్చు గానీ, కణజాలం అమరిక కనిపించదు.

చిన్నాయన సంగతి

మెడ మీద గడ్డ. తీసి పంపితే ల్యాబ్ రాసిన మొదటి వాక్యం: పూర్లీ డిఫరెన్షియేటెడ్ కార్సినోమా (ఎక్కడ పుట్టిందో పోలిక తెలియనంతగా కణాలు మారిపోయిన క్యాన్సర్), ఎక్కణ్ణుంచో మెడలోని లింఫ్ గ్రంథికి పాకింది. మేము అక్కడితో ఆగిపోయాం. "ఎక్కణ్ణుంచో" అనేది ఎక్కడో వెతుకుతూ ఎండోస్కోపీ చేయించాం, గొంతులోకి గొట్టం వేయించాం. ఎక్కడా ఏమీ దొరకలేదు. అదే రిపోర్టులో చివర, చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: లింఫోమా (లింఫ్ గ్రంథుల్లోనే పుట్టే క్యాన్సర్) కాదని తేల్చుకోవడానికి ఐ.హెచ్.సి. చేయించగలరు. లామినేషన్ కింద మెరుస్తూనే ఉంది, మేమే చదవలేదు. మొదటి ఇద్దరు డాక్టర్లు ఆ లైన్ కింద గీత కూడా గీశారు, "ఇది చేయించుకుని రండి" అన్నారు. "ఇది" అంటే ఏమిటో అడగడానికి మాకు నోరు రాలేదు.

బ్లాక్ కోసం పోతే ల్యాబ్‌లో నాలుగు రోజులు తిప్పారు. "మా రూల్స్ ఒప్పుకోవు" అని ఒకరోజు, "డాక్టరు గారు లేరు" అని ఇంకో రోజు. చివరికి చిన్నాయన సంతకంతో అర్జీ రాసి, ఆధార్ జిరాక్స్ జతచేసి ఇస్తే పది నిమిషాల్లో చేతిలో పెట్టారు. రెండు స్లైడ్లు కూడా ఇచ్చారు. వాటిని న్యూస్‌పేపర్‌లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్న తెలివి నాదే. కాట్పాడి దాటేసరికి ఒకటి రెండు ముక్కలైంది.

ఐ.హెచ్.సి.లో కార్సినోమాకు రావాల్సిన కెరాటిన్ అనే ప్రోటీన్ రాలేదు. తెల్ల రక్తకణాల మీద ఉండే సి.డి.45, వాటిలో బి కణాల మీద ఉండే సి.డి.20 వచ్చాయి. అంటే జబ్బు లింఫోమా, అందులో బి కణాల రకం. ఎక్కణ్ణుంచో పాకింది కాదు, గ్రంథిలోనే పుట్టింది. ఆపరేషన్ మాట పోయి, 21 రోజులకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఆరు సార్లు పడ్డాయి. వాటిలో రిటుక్సిమాబ్ అనే మందు పనిచేసేది సి.డి.20 ఉన్న కణాల మీదనే. మొదటి ల్యాబ్ తప్పు చేసిందని నేను అనను. బ్లాక్ కోసం తిప్పినందుకు కోపం ఉంది గానీ, తేల్చలేనిదాన్ని తేల్చలేనని ఆయన రాశాడు.

అందుకే రిపోర్టులో మీరు ముందు చదవాల్సింది చివరి లైన్. "సజెస్టివ్ ఆఫ్", "కన్సిస్టెంట్ విత్", "కెనాట్ రూల్ ఔట్", "ఐ.హెచ్.సి. అడ్వైజ్డ్" లాంటి మాటలు ఉంటే, పాథాలజిస్టు ఇంకా పూర్తిగా తేల్చలేదని అర్థం చేసుకోండి.

ఏ ఊరు?

నాకు ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ముందు ఒకటే ప్రశ్న వేస్తాను: చికిత్స ఎక్కడ చేయించుకుందామని ఉంది? ఎందుకంటే పెద్ద క్యాన్సర్ ఆస్పత్రులు మామూలుగా బయటి రిపోర్టు మీద మందు మొదలుపెట్టవు. స్లైడ్లు, బ్లాక్ తెప్పించుకుని తమ పాథాలజిస్టుతో చూపించుకునే మొదలుపెడతాయి. కాబట్టి చికిత్స జరిగే చోటే రివ్యూ చేయిస్తే ఒక ఖర్చు, ఒక వారం మిగులుతాయి. తిరుపతిలో రివ్యూ, మద్రాసులో ఇంకో రివ్యూ, మళ్ళీ చికిత్స చోట మూడోది అయితే డబ్బుతో పాటు ముక్క కూడా అయిపోతుంది. సూదితో తీసిన ముక్క సేమియా పుల్ల అంత ఉంటుంది. ప్రతి ల్యాబ్‌లోనూ బ్లాక్‌ను మిషన్‌లో బిగించి పైపొర చదును చేస్తారు, అక్కడే కొంత పోతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఇ.జి.ఎఫ్.ఆర్., ఏ.ఎల్.కె. లాంటి పరీక్షలకు ముక్క మిగలాలి. మూడు చోట్ల కోసేశాక ఆ పరీక్ష దగ్గరికి వచ్చేసరికి బ్లాక్‌లో మైనం తప్ప ఏమీ ఉండదు.

తిరుపతి టౌన్, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపువాళ్ళయితే తిరుపతిలోనే మొదలుపెట్టమంటాను. టి.టి.డి. అండతో 1993లో మొదలైన స్విమ్స్ అనే పెద్దాస్పత్రి ఉంది. అక్కడే చూపించుకుంటున్న పేషెంటుకు అన్ని విభాగాలూ ఒకే ఆవరణలో దొరుకుతాయి. అలిపిరి దగ్గర, జూ పార్కు రోడ్డులో 2022లో తెరిచిన టాటా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, క్యాన్సర్ కోసమే కట్టింది. రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం లాంటి మామూలుగా వచ్చే క్యాన్సర్లకు రిపోర్టు రివ్యూ కోసం జిల్లా దాటి పోవాల్సిన అవసరం నాకు కనిపించదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స తీసుకోవాలనుకునేవాళ్ళు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ముందే అడగండి. బయట చేయించుకున్న రివ్యూ ఖర్చు తిరిగి వస్తుందన్న లెక్కతో మాత్రం బయల్దేరొద్దు.

చిత్తూరువాళ్ళ లెక్క వేరు. తిరుపతి 70 కిలోమీటర్లు, రాయవేలూరు సుమారు 40. తాతల కాలం నుంచీ మనకు పెద్ద జబ్బంటే రాయవేలూరు (వెల్లూరు) క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, అదే సి.ఎం.సి.నే. తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు, బస్సు దిగితే లాడ్జీలూ తెలుగు మెస్సులూ ఉన్నాయి. లింఫోమా, సార్కోమా (ఎముక, కండరాల్లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్), మెదడు గడ్డలు, పిల్లల క్యాన్సర్లు లాంటి చిక్కు కేసులకు నేనైతే అక్కడికే పోతాను. ఇబ్బంది ఒకటే, రద్దీ. పొద్దున్న రిజిస్ట్రేషన్ దగ్గర నిలబడితే చేతి మీద గడియారం వైపు చూడకూడదు. 2022 నుంచి రాణిపేట దగ్గర కొత్త క్యాంపస్ కూడా నడుస్తోంది. అపాయింట్‌మెంట్ ఏ క్యాంపస్‌లోనో చూసుకోకుండా పోయి, ఆటోలో ఆ ఎండలో వెనక్కి తిరిగినవాళ్ళలో మేమూ ఉన్నాం.

మద్రాసు అడయార్‌లోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో 1954లో మొదలైంది. క్యాన్సర్ తప్ప వేరే పని లేని చోటు, మంచి పేరు. అక్కడ బంధువులుండి, చికిత్స కూడా అక్కడే అనుకుంటే పోండి. ఒక్క రివ్యూ కోసం అయితే తిరుపతి నుంచి 140 కిలోమీటర్లు పోయి రావడంలో నాకు లాభం కనిపించదు. కుప్పం, పలమనేరు వైపువాళ్ళకు బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర, అంతకంటే చెప్పేదేం లేదు.

ఇక ఇంట్లోనే కూర్చుని చేసే దారి. ముంబై టాటా మెమోరియల్‌తో, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అనే క్యాన్సర్ ఆస్పత్రుల కూటమితో కలిసి నడిచే నవ్య అనే ఆన్‌లైన్ సేవ ఉంది. రిపోర్టులు, స్కాన్లు అప్‌లోడ్ చేస్తే నిపుణుల అభిప్రాయం రాతలో వస్తుంది. ఏ మందు, ఏ వరసలో అనే ప్రశ్నలకు బాగుంటుంది, మంచం మీదున్న పేషెంటును కదిలించే పని లేదు. కానీ వాళ్ళ ముందుండేది మీరు పంపిన కాగితాలే. జబ్బు పేరు మీదే అనుమానం ఉంటే ఎక్కడో ఒక మైక్రోస్కోపు కిందికి ఆ ముక్క చేరాల్సిందే. స్లైడ్ ఫొటో ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో ముగ్గురికి పంపేవాళ్ళు ఉంటారు. దాని మీద ఏ మంచి పాథాలజిస్టూ సంతకం పెట్టడు.

ఆగకూడనివి

రక్త క్యాన్సర్, అందులో వేగంగా ముదిరే అక్యూట్ రకం అని అనుమానం వస్తే రివ్యూల గొడవ పెట్టుకోకండి, అదే రోజు పెద్ద ఆస్పత్రిలో చేర్చండి. గొంతు గడ్డతో ఊపిరి ఆడకపోవడం, పేగు మూసుకుపోవడం, వెన్నులో గడ్డతో కాళ్ళు పడిపోవడం కూడా అంతే. అక్కడ గంటలు లెక్క. నోట్లో పుండు కళ్ళకు కనిపిస్తూ, మంచి సెంటర్ నుంచి స్పష్టంగా స్క్వామస్ సెల్ కార్సినోమా (నోటి పైపొరలో పుట్టే క్యాన్సర్) అని రిపోర్టు వస్తే, అది కాదని ఎవరైనా చెప్తారేమోనని ఊర్లు తిరగడం ఆశే తప్ప సెకండ్ ఒపీనియన్ కాదు. ఆ ఆశ తప్పని నేననను గానీ, పుండు ఆగదు.

మిగతా చాలా గడ్డలకు పది రోజులు, రెండు వారాలు ఆగితే కొంప మునగదు. ముఖ్యంగా రొమ్ము తీసేయడం, కాలు తీసేయడం, దవడ ఎముక తీసేయడం లాంటి, మళ్ళీ వెనక్కి రాని ఆపరేషన్ ముందు ఆ పది రోజులు అడిగి తీసుకోండి. "సార్, మీ మీద నమ్మకం లేక కాదు, ఇంట్లో ధైర్యం కోసం బ్లాక్ ఒకసారి వేరేచోట చూపిస్తాం" అంటే చాలామంది డాక్టర్లు వాళ్ళే లెటర్ రాసిస్తారు. ఆ మాటకే మండిపడే డాక్టరు దగ్గర ఆరు నెలలు చికిత్స ఎట్లా చేయించుకుంటారో కూడా ఆలోచించుకోండి.

బ్లాక్ చేతికి తెచ్చుకోవడం

పేషెంటు సంతకంతో అర్జీ, గుర్తింపు కార్డు జిరాక్స్, బయాప్సీ నంబరు. ఇవి పట్టుకుని ల్యాబ్ ఉన్న ఆస్పత్రికే పోండి. అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలో సెకండ్ ఒపీనియన్ హక్కూ ఉంది. ఇవి కౌంటర్ దగ్గర గొంతు పెంచి చెప్పడానికి కాదు, అర్జీలో ఒక లైనుగా రాయడానికి. మా అనుభవంలో అరుపు కంటే కాగితమే త్వరగా పనిచేసింది.

బ్లాక్ తీసుకోగానే దాని అంచు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే నిలబడి చూసుకోండి. పెద్ద ఆపరేషన్ అయితే ఒకే నంబరు కింద ఏ1, ఏ2, బి1 అని చాలా బ్లాకులుంటాయి, ఏవి పంపాలో పాథాలజిస్టునే అడగండి. బ్లాక్ ససేమిరా ఇవ్వం అని వాళ్ళంటే, రంగు వేయని పొరలు పది పదిహేను కోటెడ్ స్లైడ్ల మీద కోసి ఇమ్మనండి. ఐ.హెచ్.సి.కి మామూలు గాజు మీద పొర నిలవదు, ఊడిపోతుంది. స్లైడ్లకు ప్లాస్టిక్ డబ్బా అడగండి, జేబు వద్దు. బ్లాక్‌ను మన ఏప్రిల్, మే ఎండలో కారు డాష్‌బోర్డు మీదో, బండి డిక్కీలోనో వదలకండి. మైనం కరిగేది 60 డిగ్రీల దగ్గరైనా మెత్తబడటానికి అంత అక్కర్లేదు. మేము చిన్నాయన అన్నం క్యారియర్ సంచీలో, పెరుగు డబ్బా పక్కన పెట్టుకుపోయాం.

బ్లాక్‌తో పాటు కథ కూడా పోవాలి. వయసు, గడ్డ ఎక్కడ, ఎన్నాళ్ళుగా, స్కాన్ రిపోర్టు, ఎముక గడ్డయితే ఎక్స్‌రే ఫిల్ము, అంతకుముందు కీమో గానీ రేడియేషన్ గానీ అయి ఉంటే ఆ వివరం. కీమో తర్వాత కణాల రూపే మారిపోతుంది, అది తెలియకుండా చూస్తే ఎవరైనా పొరబడతారు. మొదటి రిపోర్టు దాచిపెట్టి "చూద్దాం ఈయనేం చెప్తాడో" అని పరీక్ష పెట్టేవాళ్ళుంటారు. పాథాలజిస్టు సోది చెప్పే మనిషి కాదు, ఇవ్వండి.

రెండు రిపోర్టులు కలవకపోతే

గ్రేడులో ఒక మెట్టు తేడా, మాటల్లో తేడా అయితే మీ డాక్టరును ఒకటే అడగండి: దీనివల్ల చికిత్స మారుతుందా? మారదంటే వదిలేయండి. జబ్బు పేరే మారితే, మనకు నచ్చిన రిపోర్టు ఎంచుకునే పని మాత్రం వద్దు. రెండు రిపోర్టులూ ఇద్దరు పాథాలజిస్టుల దగ్గరకూ చేరేలా చూడండి. ఫోన్‌లో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే సగం తేడాలు అక్కడే తేలతాయి. ఒకరి దగ్గర ఉన్న మార్కర్ ఇంకొకరి దగ్గర ఉండకపోవచ్చు, అంతే కథ. తేలకపోతే ఆ అవయవం మీదే పనిచేసే మూడో పాథాలజిస్టుకు పంపమని వాళ్ళనే అడగండి, ఎవరికి పంపాలో వాళ్ళకు తెలుసు.

పని అయ్యాక బ్లాక్‌ను వెనక్కి తీసుకోవడం మరిచిపోతారు చాలామంది. అయిదేళ్ళ తర్వాత ఇంకోచోట గడ్డ వస్తే అది పాతదేనా కొత్తదా అని తేల్చడానికి ఈ బిళ్ళే కావాలి. చిన్నాయనది మొదటి ల్యాబ్‌కే తిరిగిచ్చి, రిజిస్టర్‌లో ఎంట్రీ వేయించి, రసీదు తీసుకున్నాం.